చప్పుడు కింద జమకట్టిన తంబురా

మయూర్ విహార్, ఢిల్లీ
నవంబరు 2006

శ్రీ రంగనాథ్ గారికి,
డిప్యూటీ డైరెక్టరు, సంగీత ధ్వని భాండాగారం, సాకేత్.

అయ్యా,

విషయం: శ్రీమతి కృష్ణకుమారి గారి పాత కచేరీలను సీడీగా మార్చుటలో తంబురా నాదం తొలగిపోవుట – అసలు టేపులను పారవేయకుండా నిలుపుదల చేయుట గురించి.

కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి రిటైరైన ఛాయాదేవి అను నేను సవినయంగా మనవి చేసుకొనునది. తమరు తెలుగువారని తెలిసి తెలుగులోనే రాస్తున్నాను.

1. సదరు కృష్ణకుమారి గారు మా అక్క. డెబ్బైలలో తమ సంస్థ ఆమె కచేరీలను టేపుల మీద రికార్డు చేసినది. వెనుక కూర్చొని తంబురా మీటినది నేను. టేపు పెట్టె మీద వయొలిన్, మృదంగం వారి పేర్లు కలవు, నా పేరు లేదు. అందుకు నాకు ఫిర్యాదు లేదు.

2. కిందటి ఏడు అక్కకు పక్షవాతం వచ్చినది. మాట పోయినా పాట మిగిలినది. రోజూ పాడిస్తే మాట కూడా తిరిగి వస్తుందని డాక్టరు చెప్పగా, ఉదయం కాఫీ అయ్యాక నేను తంబురా మీటేదాన్ని, ఆమె పాడేది. మాటలు ఒక్కొక్కటే వచ్చాయి. పాత సంగతులు మాత్రం కలగాపులగంగా ఉండేవి. జరిగిందేదో, జరగనిదేదో నన్ను అడిగి తేల్చుకునేది.

3. ఈ స్థితిలో తమ సంస్థ సీడీ విడుదల చేసినది. సంతోషంగా కొని తెచ్చి పెట్టాను. అక్క ఆలాపన అంతా విని, నా వైపు తిరిగి, "ఆ రోజు నువ్వు రాలేదా?" అంది.

"వచ్చానక్కా. నీ వెనకే ఉన్నాను."

"మరి లేవే."

నిజమే, లేను. వయొలిన్ ఉంది, మృదంగం ఉంది, సభలో ఎవరో దగ్గినది కూడా ఉంది. తంబురా లేదు. తీసేసి ఉంటారని ఎంత చెప్పినా ఆమె నమ్మలేదు. ఓదార్చడానికి అంటున్నాననుకుంది. "నువ్వున్నావనే నాకు గుర్తు. అదే తప్పయితే ఇంక నాకేం గుర్తున్నట్టు?" అని గోడ వైపు తిరిగింది. మర్నాటి నుంచి పాడటం లేదు. మాట కూడా మళ్ళీ తగ్గింది.

4. పై విషయమై తమ కార్యాలయానికి బస్సులు మారి పలుమార్లు వచ్చితిని. "సాబ్ మీటింగ్ మే హై, ఆంటీజీ" అని గేటు దగ్గరే పంపివేసిరి. చివరకు తమ సౌండ్ ఇంజినీరు శ్రీహర్ష దయతలచి లోనికి తీసుకువెళ్ళాడు.

"పాత టేపుల్లో ఫ్యాను మోత, కరెంటు గుయ్‌మనడం ఉంటాయి ఆంటీ. ఒక ముక్క చూపించి, ఇదీ చప్పుడు అని చెబితే సాఫ్ట్‌వేరు అలాంటిదంతా తీసేస్తుంది."

"ఏ ముక్క చూపించావు బాబూ?"

అతడు అది వినిపించాడు. కచేరీకి ముందు నేనొక్కదాన్నే మీటుతున్న తంబురా. "పాట ఇంకా మొదలవలేదు కదా అని..." అని అతడు తల పట్టుకున్నాడు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను.

5. శ్రీహర్ష, అక్క పాట కింద మిషను తంబురా కలిపి ఇంకొక సీడీ చేసి ఇచ్చాడు. అక్క కాసేపు విని, "ఇదెవరు?" అని ఆపేయమంది.

6. సీడీలు తయారైనందున టేపులను ఈ నెలాఖరుకు పారవేయవలెనని ఉత్తర్వు ఉన్నదట. తమరి సంతకం లేనిదే అది ఆగదట.

ఈ పేరాకు నంబరు వేయలేకపోతున్నాను. నాకు కూర్చుంటే కూర్చోబుద్ధి కావడం లేదు. కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తున్నాను. అక్క పక్కగదిలో నోరు విప్పకుండా పడుకుని ఉంది. నేను ఆ కచేరీలో ఉన్నానని చెప్పడానికి తమ టేపు తప్ప లోకంలో మరో సాక్ష్యం లేదండీ.

కావున టేపులను పారవేయుట ఆపించవలెననియు, ఒక్క పూట మా అక్కను తమ స్టూడియోకు తీసుకువచ్చి అసలు టేపు వినిపించుటకు అనుమతి నీయవలెననియు ప్రార్థన. ఈ మనవిని చెవినబెట్టి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ఛాయాదేవి

తా.క.: కవరు అంటించబోతుండగా శ్రీహర్ష ఫోను చేశాడు. టేపు మిషను మీద పెట్టాననీ, ఫోను అమ్మగారి చెవి దగ్గర పెట్టమనీ అన్నాడు. పెట్టాను. అక్క కళ్ళు మూసుకుని విన్నది. "ఉన్నావుగా," అంది. ఇంకాస్త విని, "పంచమం దిగింది. తీగ బిగించుకోవద్దూ?" అని కోప్పడింది. ఆ తర్వాత టేపుతో పాటు తనూ పాట అందుకుంది. నేను ఫోను పట్టుకుని నిలబడిపోయాను.

అనుమతి లేకుండా వినిపించినందుకు శ్రీహర్ష మీద చర్య తీసుకోకండి. పై అభ్యర్థనలు రెండూ అలాగే ఉన్నాయి. మూడోది ఒకటి చేరుస్తున్నాను: సీడీని మళ్ళీ చేసేటప్పుడు కంప్యూటరుతో ఆ పంచమాన్ని సరిచేయించకండి. దిగినది దిగినట్టే ఉండనివ్వండి.