నారింజ దాటిన దేశాలు

ఏవండీ,

ఇవాళ మీ సంవత్సరీకం. ఇక్కడే హిద్ ఊళ్ళో ఉండే మీ తమ్ముడు వచ్చి, "అన్నయ్యకిష్టమైన నారింజ నువ్వింక ముట్టకూడదు వదినా. ఒంటరి ఆడదానివి, బహ్రెయిన్‌లో నీకేం పని? ఖలాస్, ఇక అయిపోయింది, సామాను సర్దుకో" అన్నాడు.

మీరు ట్యూషన్ పిల్లలకి ఆరెంజ్ అనే మాట పుట్టుక చెప్పేవారు కదా. మన దక్షిణాదిలో పుట్టి, పర్షియాలో నారంగ్ అయి, ఈ అరబ్బుల నోట నారంజ్ అయి, స్పెయిన్ మీదుగా ఇంగ్లీషులో చేరిందని. "ఏ దేశమూ దాన్ని వెనక్కి పంపలేదు" అని నవ్వేవారు.

నన్నూ పంపలేరు. ఇక్కడే రిఫా ఊళ్ళో ఒకరింట్లో వంటపని దొరికింది. కొత్త కఫీల్, అదే పూచీ పడే యజమాని, నా పేరు మీదే వీసా కొట్టించాడు. ఆ సంగతి చెప్పి, మీ ఫొటో ముందు పెట్టిన నారింజ తీసి మీ తమ్ముడి ఎదుటే ఒలిచాను.

పుల్లగా ఉంది. మొత్తం తిన్నాను.

మీ సరోజ