వేయించిన మొలకలు

హైద్రాబాదు, అక్టోబరు 1948

అమ్మా, యూనియన్ పటాలాలు వచ్చినంక పట్నం జర నిమ్మళమైంది. నేను మంచిగున్న, ఫికర్ జెయ్యకు.

నా పరిశోధనకు జొన్న మొలకలు అడిగితే, తొవ్వల బూజు పడ్తయని వేయించి పంపినవ్. గంజిల అయోడిన్ చుక్క వేస్తే నీలంగయింది. నీ మొలకలు నూరి కలిపిన. నీలం పోవాలె, గని నీలం నీలమే! మస్తు కోపమొచ్చింది. మూట దులిపితే చెల్లె భూలక్ష్మి కొంగుముడి లెక్క కట్టిన పచ్చి మొలకలు గుప్పెడు దొరికినయ్. అవి నూరి పోసిన. చూస్తుండంగనే నీలం మాయమై గంజి నీళ్ల లెక్క అయింది. గంజిని కరిగించే శక్తేదో మొలకలల్ల ఉంటదట, నిప్పు తగిలితే చస్తదట. జొన్న గటక పల్చనయ్యేటందుకు నువ్వు మొలకల పిండి కలిపేది గిందుకేనా? నీకెవలు చెప్పిన్రు?

ఈసారి పొయ్యి దగ్గరికి తీస్కపోకు, నీడకు ఆరబెట్టి పంపు. ఎర్రావు ఈనిందా? బాపు దగ్గు తగ్గిందా? ఆయన కాళ్లు మొక్కిన్నని చెప్పు.

ఇల్లిడిచిపోయిన అన్న ముచ్చట కార్డుల రాయకు, ఎవలన్న చదువుతరు. ఆయన కోసం అన్నం మానకు. మొలకలల్ల శక్తి లెక్క, కండ్లకు కనవడనంత మాత్రాన లేనట్టు కాదు. నేను చూసిన.

నీ చిన్నకొడుకు
బుగ్గయ్య