ఆకుపచ్చ చీర కుచ్చిళ్లు

తనూజా, ఇక్కడ అంతా కులాసా. ఫోను ఎప్పుడూ మీ తాత దగ్గరే ఉంటోంది, అందుకే కార్డు రాస్తున్నాను.

నా పాత ఆకుపచ్చ చీర వాసన తగిలితేనే మన గేదె పాలు చేపుతుందని నీకు తెలుసు కదా. ఈమధ్య రోజూ పాలు తగ్గుతున్నాయి. మీ వదినను అనుమానించాను. నిన్న మీ నాన్న, అన్నయ్య మేకలను జీడితోటకు తోలుకెళ్లగానే గేదె శాలలోకి తొంగి చూశాను. ఆ చీర కట్టుకుని పాలు పితుకుతున్నది మీ తాత! కిడ్నీ డాక్టరు ఆయన్ని పాలు మానెయ్యమన్నాడు కదా.

“ఏటి మావయ్యా ఇది?” అన్నాను.

“ఒక్క గలాసే తల్లీ, డాట్రుకి సెప్పకు” అన్నారు.

అల్లుడితో తవుడు బస్తా పంపు.

అన్నట్టు, ఆ కుచ్చిళ్లు ఎడమచేతి వాటంగా ఉన్నాయి. మన ఇంట్లో ఆ వాటం నీ ఒక్కదానిదే. మొన్న వచ్చినప్పుడు మీ తాతకు చీర కట్టడం నేర్పి వెళ్లావా? నీ పనే అయినా సరే, నీకు నా దీవెనలు.

అమ్మ