శ్రీకూర్మంలో నీ పేరు అడిగారు

తమ్ముడూ ఎర్రయ్యా,

నువ్వు సముద్రం మీద చేపల వేటకెళ్ళి తిరిగి రాక నేటికి ఏడాది. శవం దొరకనివాడికి దర్భలతో బొమ్మ చేసి దహనం చెయ్యాలని నేను చదివే కర్మల గ్రంథంలో ఉంది. అమ్మ ఒప్పుకోదని, "ఊళ్ళు సూసొద్దాం రాయే" అని కారెక్కించాను. దర్భలు డిక్కీలో దాచాను. అబద్ధమాడేవాళ్ళని రేవులో నిలబెట్టి కడిగేసే నేనే అమ్మతో అబద్ధమాడాను!

శాలిహుండం కొండెక్కి ఆ పాత స్తూపాల ఇటుకల్ని అమ్మ చేత్తో తడిమింది. "సిన్నోడు తీసుకెల్తానన్నాడు, నువ్వు తెచ్చినావు" అని నవ్వింది. ఏడాదిలో అదే మొదటి నవ్వు.

శ్రీకూర్మంలో కోనేటి గట్టున పంతులుగారు దర్భలందుకుని, "పోయినవారి పేరు?" అన్నారు.

అమ్మ నాకేసి తిరిగింది. "ఇందుకేటిరా ఊళ్ళు సూపించినావు?" అంది. తర్వాత ఆయనతో, "మా సిన్నోడు పోలేదు బాబూ. ఇంకా రాలేదు" అంది.

గ్రంథం నా చంకలోనే ఉంది. ఎంతమంది ముందో అరిచిన ఈ నోటికి నీ పేరు రాలేదు. దర్భలు అక్కడే వదిలేసి వచ్చేశాం.

కర్మ జరగని జీవుడికి దారి దొరకదని గ్రంథంలో ఉంది. నేను నమ్ముతాను. అయినా అమ్మ బతికున్నంతకాలం నీకు చెయ్యను. ఎక్కడ తిరుగుతున్నావో, నన్ను తిట్టుకో. అమ్మని మాత్రం ఏమీ అనకు.

మీ అన్న