మార్కుల్లో కలవని రాళ్ళు

దిసూక్ (నైలు నది ఒడ్డు), బాలుర హైస్కూలు

ఊరగాయల హాజీ ముతవల్లి గారికి, మీ కొట్టు పదికాలాలు చల్లగా ఉండాలని కోరుతూ భూగర్భశాస్త్రం మాస్టారు వగ్ది సలాములు.

మీ అబ్బాయి లుత్ఫీ బడి తెరిచినప్పటినుంచి నా క్లాసుకి రాలేదు. వాడే కాదు, ఎవరూ రావడం లేదు. ఈ ఏడు నా సబ్జెక్టు మార్కులు మొత్తంలో కలపరని తెలిసిన రోజే బెంచీలు ఖాళీ అయ్యాయి. టర్ము ముగిసేలోగా ఒక్క తల కూడా కనబడకపోతే నన్ను సామాన్ల గదిలో కూర్చోబెడతానని హెడ్మాస్టరు అంటున్నారు. నిరుడు నన్ను ప్రశ్న అడిగినవాడు మీవాడొక్కడే. మంగళవారం పదింటికి పంపండి.

ఇట్లు, వగ్ది.

తా.క.: ఇది క్లాసులో కూర్చునే రాశాను. పీరియడింకా సగం మిగిలింది. మీ ఆరోగ్యం ఎలా ఉంది? మీ బంధువులందరి ఆరోగ్యం ఎలా ఉంది?

*

ఉస్తాద్ వగ్ది గారికి, ముతవల్లి సలాం.

విషయం అర్థమైంది. “మీవాడు క్లాసుకి రావడం లేదు” అంటే అర్థమేమిటో తెలియనంత అమాయకుణ్ణి కాను. ఫిజిక్స్ ఉస్తాద్ కూడా ఇలాగే మొదలుపెట్టారు, ఇప్పుడు వాడు ఆయన ట్యూషన్ సెంటర్లోనే కాపురం. మీ ట్యూషను ఎక్కడో, ఏ వేళకో చెప్పండి. మార్కుల్లో కలవని సబ్జెక్టు కదా, ఫీజు దగ్గర దయ చూపండి. మొదటి నెలది కవర్లో పెట్టాను. టర్నిప్ ఊరగాయ జాడీ నా తరఫున.

ఇట్లు, ముతవల్లి.

తా.క.: కెమిస్ట్రీ ఉస్తాద్ పిల్లల్ని మెట్ల మీద కూర్చోబెడుతున్నారు. మీరు మావాడికి కుర్చీ ఇప్పించండి.

*

హాజీ గారికి,

కవరు తిప్పి పంపుతున్నాను. నేను ట్యూషన్లు చెప్పను. నాకు కావలసింది మీ అబ్బాయి, బళ్ళో, బెంచీ మీద, ఉచితంగా. చోటంటారా, వాడు కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు.

ఇట్లు, వగ్ది.

తా.క.: జాడీ కూడా తిప్పి పంపుదామనుకున్నాను. కానీ ఒంటరిగా భోంచేసేవాడి ముందు ఊరగాయ పెట్టకూడదండీ. ఖాళీది పంపుతున్నాను.

*

ఉస్తాద్ గారికి,

ఉచితమా? మీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. మన ఊళ్ళో ఫీజు వద్దనే మాస్టారు ఒకే రకం: పరీక్ష పేపరు తయారుచేసేవాడు. వాళ్ళు ట్యూషన్లు చెప్పకూడదు కదా. అంటే మీ సబ్జెక్టు మళ్ళీ మార్కుల్లో కలుస్తోందన్నమాట. ఇంత పెద్దవారని తెలియక ఫీజు బేరమాడాను, క్షమించండి. ఈ రహస్యం నా కడుపులోనే ఉంటుంది.

ఇట్లు, ముతవల్లి.

తా.క.: మా బావమరిదికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆయనకి మంగలి షాపుంది.

*

హాజీ గారికి,

మంగళవారం బెంచీలు చాలక పిల్లలు కిటికీల్లో కూర్చున్నారు. “కాస్త జరగండర్రా” అన్నాను. ఆ మాట అని ఎన్నాళ్ళయిందో. మన నైలు ఒండ్రు అడుగున రాయి ఎంత లోతులో ఉందో చెబుతుంటే అందరూ రాసుకుంటున్నారు. అప్పుడొకడు లేచి, “పరీక్షలో ఇచ్చేది ఇదేనా సార్?” అన్నాడు.

ఇంకో వారం ఊరుకుందామని మనసు పీకింది. ఊరుకోలేకపోయాను. పేపరు తయారుచేసేది నేను కాదనీ, మార్కులు కలవవనీ చెప్పేశాను. పాపం, మర్యాదస్తులు, ఒక్కొక్కరే సెలవు తీసుకుని వెళ్ళారు. చివర మీ లుత్ఫీ. “నాకు వినాలనే ఉంది సార్. ఈ టైముకి సెంటర్లో ఫిజిక్స్ ఉంది,” అన్నాడు. వాణ్ణి ఏమీ అనకండి.

ఇట్లు, వగ్ది.

తా.క.: సామాన్ల గది చూసి వచ్చాను. కిటికీ లేదు.

*

ఉస్తాద్ గారికి,

అనకుండా ఎలా ఉంటాను? అన్నాను. “రాళ్ళ గురించి ఏ కాలేజీ అడుగుతుంది, నాన్నా?” అన్నాడు. మీ మాటని వంకరగా అర్థం చేసుకుని ఊరంతా తిప్పింది నేను. అది నన్ను తొలిచేస్తోంది.

వాళ్ళమ్మ పోయాక ఇంట్లో మేమిద్దరమే. వాడు తెల్లారి వెళ్ళి రాత్రికి వస్తాడు, వచ్చి పడుకుంటాడు. అందుకని ఒకటి ఆలోచించాను. మంగళవారం పదింటికి నేనొస్తాను. హాజరు పిలిచేటప్పుడు లుత్ఫీ పేరుకి నేను పలుకుతాను. హెడ్మాస్టరుకి కావలసింది ఒక్క తలే కదా, నాది కాస్త నెరిసింది, అంతే. పరీక్షల్లేవు గనక నాకు మార్కులు కలిసినా ఒకటే, కలవకపోయినా ఒకటే.

ఇట్లు, మీ విద్యార్థి ముతవల్లి.

తా.క.: నాకు చదువు తక్కువ. నెమ్మదిగా చెప్పండి. తొందరేం లేదు, నాకోసం చూసేవాళ్ళెవరూ లేరు.