చౌరస్తాలో నీ చెయ్యి

తమ్ముడూ,

లాక్‌డౌన్‌కు ముందు నేతగాడి విగ్రహం చేయడానికి ఒక శిల్పి మీ మగ్గాల కార్ఖానాకు వచ్చి, నీ చేతులకు మెత్తటి ప్లాస్టర్ పూసి అచ్చు తీసుకున్నాడు. "చక్కిలిగిలి అయితున్నదే అక్కా" అని ఇంటికొచ్చి ఒకటే నవ్వావు.

ఆ నేతగాడి విగ్రహాన్ని మనం బతకొచ్చిన ఈ ఊళ్లోనే, కడోదరా దారిలో, చౌరస్తా మధ్యన నిలబెట్టారు. ఇవాళ రాఖీ పున్నమి. వెళ్లి చూశాను. వాన తుంపరలో బస్సులూ ఆటోలూ కలలోలా మెల్లగా దాని చుట్టూ తిరుగుతున్నాయి. షిఫ్టు దిగిన మనవాళ్లు మాస్కులతోనే ఆగి, తలెత్తి చూసి పోతున్నారు. ముఖం ఎవరిదో. చేతులు మాత్రం నీవే. పోగు పట్టే వేలు అలాగే కాస్త వంకరగా ఉంది.

ఎండాకాలంలో కరోనాతో నువ్వు పోయినప్పుడు, ఒక్కసారి చెయ్యి పట్టుకుంటానంటే పట్టుకోనివ్వలేదు. అందుకే ఇవాళ గద్దె ఎక్కేశాను.

అక్కా, ముట్టుకోవద్దని తన భాషలో అరుస్తూ కాపలాదారు పరుగున వచ్చాడు. "బెన్, హాథ్ మత్ లగావో!"

కంగారులో నాకు తెలుగే వచ్చింది. "మా తమ్ముని చెయ్యి భయ్యా. జర ఆగు, రాఖీ కట్టి దిగుత."

అతనికి ఎంత అర్థమైందో తెలియదు. నేను ముడి వేసేదాకా తన గొడుగును మనిద్దరి మీదా పట్టాడు.

అక్క