రాజయ్య కాకకు స్నానం

బాపూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున డ్యూటీకి వెళ్లేసరికి, బొగ్గుబాయిలో నీతోపాటు పనిచేసిన రాజయ్య కాక మా వార్డులో ఉన్నాడు. తుంటి ఎముక విరిగింది. సిస్టర్లు ఒళ్లు తుడవబోతే దుప్పటి గట్టిగా పట్టుకుని, "ఆడపిల్లల ముందట నాకు సిగ్గయితది, వద్దు బిడ్డా" అంటున్నాడు.

నేను కర్టెన్ లాగి, గోరువెచ్చని నీళ్లు తెచ్చాను. వీపు తుడుస్తుంటే మెల్లగా దుప్పటి వదిలేశాడు.

"మొగపిల్లగాడు నర్సు చదువు చదువుడేందని మేం షిఫ్టుల నవ్వినం. అప్పుడు మీ బాపు ఏమన్నడో ఎరుకేనా?"

"ఏమన్నడు కాకా?"

"'నవ్వుండ్రి. రేపు మంచాన పడ్డనాడు మీరే వాన్ని పిలుస్తరు' అన్నడు."

ఇంట్లో నాతో నువ్వు ఈ మాట ఎప్పుడూ అనలేదు. నర్సింగ్ చదువుతానంటే 'సరే' అన్నావు, పెట్టె మోసుకుని హాస్టల్ దాకా వచ్చావు. నువ్వు మాత్రం ఒక్కరోజూ మంచాన పడకుండా, నా చేత ఏమీ చేయించుకోకుండా వెళ్లిపోయావు.

కాకకు ఉతికిన చొక్కా తొడిగి తల దువ్వాను. అద్దం అడిగి చూసుకున్నాడు. కర్టెన్ తీయగానే పక్క మంచం పెద్దాయన చెయ్యెత్తి, "బిడ్డా, నాకు గూడ" అన్నాడు.

నీళ్లు మార్చుకుని ఆయన దగ్గరికి వెళ్లాను, బాపూ.